రోటవేటర్ గేరుబాక్సు: కాలువకు నీళ్లు రాకముందే విప్పి చూడండి

నారు నాటుకు వచ్చింది. కాలువ వంతు మనదాకా వచ్చింది. నాట్ల కూలీలతో మాట్లాడుకున్నారు. సరిగ్గా ఆ పూట చేలో రోటవేటర్ కటకటమని ఆగిపోయిందనుకోండి. మెకానిక్కు షెడ్డు దగ్గర అప్పటికే నాలుగైదు యంత్రాలు వరసలో ఉంటాయి. క్రౌను, పినియను జత మన ఊళ్లో దొరకదు, పట్నం వెళ్లాలి. ఈలోపు నారు ముదురుతుంది, నీటి వంతు దాటిపోతుంది, కూలీలు పక్క ఊరికి వెళ్లిపోతారు. అద్దెకు తిప్పే రైతుకైతే ఏడాది సంపాదనంతా ఆ పాతిక ముప్పై రోజుల్లోనే ఉంటుంది.

'నిన్నటిదాకా బాగానే ఉందండీ, ఉన్నట్టుండి గేరు విరిగింది' అని చాలామంది అంటుంటారు. రాయి తగిలితేనో, మొద్దు తగిలితేనో తప్ప గేరు ఉన్నట్టుండి విరగదు. ముందు ఆయిలు సీలు అరుగుతుంది. ఆ సందులోంచి దమ్ము నీళ్లు, సన్నటి ఇసుక లోపలికి పోతాయి. నీళ్లు కలిసిన ఆయిలుకు జిగి పోతుంది. దాంతో బేరింగు అరిగి లూజవుతుంది. బేరింగు లూజయితే షాఫ్టు పక్కకు జరిగి, గేరు పళ్లు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోవు. ఆ తర్వాత విరిగేది గేరు. సీలు ఖరీదు వందల్లో ఉంటే గేర్ల జత ఖరీదు వేలల్లో ఉంటుంది. పైగా సీలు పాడైన నాటికీ గేరు విరిగిన నాటికీ మధ్య చాలా రోజులు గడుస్తాయి. ఆ రోజుల్లో యంత్రం మనకు గుర్తులు చూపిస్తూనే ఉంటుంది.

రోహిణి కార్తెలో యంత్రాలకు పెద్దగా పని ఉండదు, షెడ్లు ఖాళీగా ఉంటాయి. సార్వాకు రోటవేటర్‌ను సిద్ధం చేసుకోవడానికి ఇదే అదను. దాళ్వా దమ్ము అయిపోయాక బురదతోనే చెట్టు కింద వదిలేసిన యంత్రమైతే మరీ ముఖ్యం.

ముందు ప్రాణం సంగతి

ట్రాక్టరు ఇంజను ఆపి తాళం తీసి జేబులో వేసుకోండి. పీటీవో లివరు తప్పించి, పీటీవో షాఫ్టును ఊడదీసి పక్కన పెట్టండి. రోటవేటర్‌ను హైడ్రాలిక్ మీద పైకి లేపి, అలాగే కిందకు దూరి పనిచేయడం ప్రాణాంతకం. పైపు పగిలినా, పిల్లవాడెవడైనా లివరు కదిపినా మూడు నాలుగు క్వింటాళ్ల ఇనుము మీద పడుతుంది. ఇటుకలు పేర్చి నిలబెడుతుంటారు, అవి బరువుకు పొడైపోతాయి. మందపాటి చెక్క దిమ్మెలు పెట్టి, వాటి మీద బరువు పూర్తిగా దించాకే చెయ్యి పెట్టాలి.

పీటీవో నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 9 చుట్లు. లుంగీ అంచో, తువ్వాలు కొసో, చీర చెంగో అందులో చిక్కితే లాక్కునే వ్యవధి ఉండదు. షాఫ్టు మీద వచ్చే ప్లాస్టిక్ గొట్టాన్ని అడ్డమని తీసి పారేసేవారు ఎక్కువ. అది ఉండాల్సిందే. పగిలితే కొత్తది వేయించండి.

లోపల ఏముంది?

పీటీవో తిరుగుడు మధ్యలో ఉన్న గేరుబాక్సులోకి వస్తుంది. అక్కడ చిన్న పినియను, పెద్ద క్రౌను ఉంటాయి. నిలువుగా వచ్చిన తిరుగుడును ఇవి అడ్డంగా మళ్లిస్తాయి. అక్కడి నుంచి అడ్డ షాఫ్టు ద్వారా పక్కనున్న పొడుగు బాక్సుకు వెళుతుంది. ఈ సైడు బాక్సులో గేర్లో, కొన్ని మోడళ్లలో చైనో ఉండి, కిందనున్న బ్లేళ్ల షాఫ్టును తిప్పుతాయి. బ్లేళ్ల షాఫ్టు రెండో కొసన ఇంకో బేరింగు ఉంటుంది. దమ్ములో పూర్తిగా నీళ్లలో మునిగి తిరిగేవి బ్లేళ్ల షాఫ్టు రెండు కొసలే. నూటికి తొంభై పాళ్లు రోగం మొదలయ్యేది అక్కడే.

మెట్టలో దుక్కి చేసే రోటవేటర్‌కు, డెల్టాలో దమ్ము చేసే రోటవేటర్‌కు తేడా ఇక్కడే ఉంది. మెట్టలో వాడే యంత్రానికి సీలు రెండు మూడేళ్లు వచ్చినా ఆశ్చర్యం లేదు. దమ్ములో, అందులోనూ ఇసుకపాలు ఎక్కువున్న చేలల్లో ఒక్కో సీజనుకే అయిపోవచ్చు. పక్క మండలం బంధువు మార్చలేదని మనం మార్చకుండా ఉండటం కుదరదు.

ఆయిలే అసలు సాక్షి

బాక్సు విప్పకముందు ఆయిలు చూడండి. యంత్రాన్ని ఒక రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే కింది డ్రెయిన్ ప్లగ్గును మెల్లగా లూజు చేయండి. నీళ్లు ఆయిలు కన్నా బరువు కాబట్టి అడుగున చేరి ఉంటాయి. మొదట నీటి బొట్లు రాలాయంటే సీలు పోయినట్టే. ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు ఎప్పుడో కలిసి, గేర్లు చిలికేశాయన్నమాట. ఆ ఆయిలులో గేర్లు ఇంకొక్క గంట కూడా తిరగకూడదు.

తీసిన ఆయిలును తెల్లటి పళ్లెంలో పోసి ఎండలో చూడండి. వెండి పొడిలా సన్నగా మెరిస్తే, కొత్త యంత్రానికి మామూలే. వేళ్ల మధ్య రుద్దితే గరగరమంటే ఇసుక చేరింది. గోరంత పొరలు, రేకులు కనిపిస్తే బేరింగో, గేరు పన్నో పెచ్చులూడుతోంది. పాత స్పీకరు అయస్కాంతాన్ని పళ్లెం అడుగున తిప్పితే ఇనుప ముక్కలన్నీ ఒకచోటికి వస్తాయి. డ్రెయిన్ ప్లగ్గుకే అయస్కాంతం ఉన్న మోడళ్లలో ఈ శ్రమ లేదు.

సీలు మార్చకుండా ఆయిలు మాత్రమే మారిస్తే డబ్బు దండగ. రెండు రోజుల్లో మళ్లీ టీ రంగుకు వస్తుంది. సీలు మార్చాక, బాక్సులో కొంచెం డీజిలు పోసి షాఫ్టును చేత్తో తిప్పి కడిగి, పూర్తిగా ఒంపేసి, కొన్ని గంటలు ఆరనిచ్చి కొత్త ఆయిలు పోయాలి. డీజిలుతో ఉండగా పీటీవో వేసి తిప్పకండి.

ఎక్కువ రోటవేటర్లకు 90 లేదా 140 గ్రేడు గేరు ఆయిలు వాడతారు. మీ యంత్రానికి ఏది అన్నది దాని పుస్తకంలో ఉంటుంది, ఆ మాటే ప్రమాణం. ఇంజను ఆయిలు, ట్రాక్టరు నుంచి తీసిన పాత ఆయిలు పనికిరావు. చదునైన చోట యంత్రాన్ని నిలిపి, లెవెలు ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి ఆయిలు కారేదాకా పోసి బిగించాలి. నిండుగా పోస్తే మంచిదనుకుంటారు. ఎక్కువైన ఆయిలు వేడికి పొంగి సీలునే తోస్తుంది. కొత్త రోటవేటర్‌కు మొదటి ఆయిలు మార్పు త్వరగా ఉంటుంది, సాధారణంగా 50 గంటలకు. ఆ తర్వాత దమ్ము చేసే యంత్రానికి సీజనుకు ఒకసారి మార్చితే నష్టం లేదు.

సైడు బాక్సుకు వేరే ఆయిలు, వేరే ప్లగ్గు ఉంటాయి. మధ్య బాక్సులో పోసి రెండిటికీ పోసినట్టే అనుకోవడం చాలాచోట్ల జరిగే పొరపాటు.

బ్రీదర్ అనే చిన్న బిరడా

గేరుబాక్సు పైన వేలెడంత బిరడా ఉంటుంది, దానికి సన్నటి రంధ్రం. దీన్ని పట్టించుకునేవారు తక్కువ. పనిలో బాక్సు వేడెక్కితే లోపలి గాలి ఉబ్బి ఈ రంధ్రంలోంచి బయటకు పోవాలి. మట్టితో మూసుకుపోతే ఆ ఒత్తిడంతా సీళ్ల మీద పడి ఆయిలు చెమరుస్తుంది. అంతకన్నా చెరుపు ఇంకొకటుంది. వేడిగా ఉన్న బాక్సు చల్లటి దమ్ము నీళ్లలోకి దిగగానే లోపలి గాలి కుంచించుకుంటుంది. పైనుంచి గాలి అందకపోతే, సీలు సందులోంచి బురద నీళ్లను స్ట్రా వేసి పీల్చినట్టు లోపలికి లాక్కుంటుంది. సన్నటి తీగతో పొడిచి, డీజిలుతో కడిగితే ఐదు నిమిషాల పని.

సీలు మార్చే పద్ధతి

సీలు దగ్గరికి వెళ్లేముందు బ్లేళ్ల షాఫ్టు కొసలు శుభ్రం చేయండి. గడ్డి, గోనె పురికొస, ఎరువుల బస్తా దారం, మల్చింగు షీటు ముక్కలు, గడ్డి కట్టలు కట్టే బేలరు తాడు అక్కడ గట్టిగా చుట్టుకుని ఉంటాయి. ఇది రాపిడికి వేడెక్కి సీలు పెదవిని కాల్చేస్తుంది, తర్వాత దారం పోగులు లోపలికే దూరిపోతాయి. ఈ మధ్య బేలరు తాడు ఎక్కువైంది. దమ్ము రోజుల్లో ఇంజను ఆపి పూటకోసారి కొడవలితో కోసి తీసేయడం అలవాటు చేసుకుంటే సీలు వయసు పెరుగుతుంది.

పాత సీలు తీసేటప్పుడు ఉలితో షాఫ్టును గీయకూడదు. దాని మీద మూడు అంకెలు ఉంటాయి. 45-65-10 అని ఉందనుకోండి, లోపలి వ్యాసం 45, బయటి వ్యాసం 65, మందం 10 మిల్లీమీటర్లు. అంకెలు చెరిగిపోతే పాత సీలునే కొట్టుకు తీసుకెళ్లండి. 'ఇంచుమించు ఇదే' అని ఇచ్చేది తీసుకోవద్దు.

కొత్త సీలు వేసేముందు షాఫ్టు మీద సీలు రుద్దుకునే చోట గోటితో గీసి చూడండి. గోరు తట్టుకుంటే అక్కడ గాడి పడింది. సీలు కొత్తదైనా ఆ గాడిలోంచి ఆయిలు కారుతూనే ఉంటుంది, రైతేమో సీలు నకిలీదని కొట్టువాడితో తగవు పడతాడు. గాడి చిన్నదైతే, చోటున్నచోట సీలును రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెడితే పెదవి నున్నటి చోటికి వస్తుంది. లోతుగా ఉంటే పల్చటి స్లీవు ఎక్కించాలి. వెల్డింగు నింపి లేతు మీద తిప్పించడం కూడా చేస్తారు గానీ, వేడికి షాఫ్టు వంగితే అసలుకే మోసం. నమ్మకమైన లేతు మిషను వాడైతేనే ఆ పని చేయించండి.

సీలుకు సన్నటి స్ప్రింగు ఉన్న వైపు ఆయిలు వైపు ఉండాలి. రెండు సీళ్లు వేసే చోట లోపలిది ఆయిలును ఆపడానికి, బయటిది బురదను ఆపడానికి. ఆ బయటిది ఎటు తిరిగి ఉందో విప్పేటప్పుడే చూసి గుర్తుపెట్టుకోండి. రెండిటి మధ్య గ్రీజు నింపాలి. పెదవికి గ్రీజు రాయకుండా పొడిగా ఎక్కిస్తే మొదటి నిమిషంలోనే కాలుతుంది. షాఫ్టు కీ గాడి అంచులు పదునుగా ఉంటాయి, వాటి మీదుగా జరిపేటప్పుడు పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి జరపండి. సుత్తితో ఒక పక్క కొట్టకుండా, సీలు అంత వ్యాసమున్న పైపు ముక్క పెట్టి చుట్టూ సమానంగా కొట్టాలి.

దమ్ముకని చేసిన కొన్ని మోడళ్లలో రబ్బరు సీలుకు బదులు మెకానికల్ సీలు ఉంటుంది. అద్దంలా నునుపు చేసిన రెండు ఇనుప రింగులు ఒకదాని మీద ఒకటి తిరుగుతాయి. వీటిని జతగానే మార్చాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది కలిపితే నిలవదు.

బేరింగు పోయిందా, లేదా?

దిమ్మెల మీద ఉండగానే బ్లేళ్ల షాఫ్టును రెండు చేతులతో పట్టుకుని పైకి కిందకి, పక్కలకు ఊపి చూడండి. కొసన టకటకమని కదిలితే బేరింగో, దాని గూడో అరిగింది. మెల్లగా తిప్పి, గూడు మీద పొడుగాటి స్క్రూడ్రైవరు పెట్టి పిడికి చెవి ఆనించి వినండి. మంచి బేరింగు మెత్తగా తిరుగుతుంది, పోయినది గరగరమంటుంది.

బేరింగు నంబరు దాని అంచు మీద ఉంటుంది. మామూలు బాలు బేరింగు మీద 6309 అని ఉంటే చివరి రెండంకెలు 09ని 5తో గుణించండి, 45. అంటే 45 మిల్లీమీటర్ల షాఫ్టుకు పట్టే బేరింగు. చివరి అంకెలు 04, ఆ పైన ఉన్నవాటికి ఈ లెక్క సరిపోతుంది. పేరున్న కంపెనీ డబ్బాలో నకిలీలు వస్తున్నాయి కాబట్టి బిల్లు ఇచ్చే కొట్లో కొనడమే మేలు.

తీయడానికి పుల్లర్ వాడాలి. ఎక్కించేటప్పుడు బయటి రింగు మీద సుత్తితో కొడితే, ఆ దెబ్బ గుండ్ల మీదుగా పోయి లోపల సన్నటి గుంటలు పడతాయి. కొత్త బేరింగు నెల్లాళ్లకే మోగుతోందంటే కారణం చాలాసార్లు ఇదే. షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు దెబ్బ లోపలి రింగుకే తగలాలి. బిగువుగా ఉంటే శుభ్రమైన ఆయిలులో గిన్నె అడుగుకు తగలకుండా వేలాడదీసి, మరిగే నీళ్లంత వేడికి కాచండి, సుతారంగా జారి కూర్చుంటుంది. గ్యాసు మంట నేరుగా పెట్టకూడదు.

గేర్ల జోలికి వెళ్లాల్సి వస్తే

క్రౌను, పినియను పని ఇంట్లో చేసేది కాదు. ఇవి ఎంత సందుతో కలవాలన్నది పల్చటి షిమ్ములతో సర్దుతారు. మరీ బిగిస్తే వేడెక్కి అరుస్తాయి, మరీ వదిలేస్తే పళ్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. మెకానిక్కు దగ్గరికి పంపినా రెండు సంగతులు మీరు అడిగి తెలుసుకోవచ్చు. పాత షిమ్ములు ఎన్ని, ఏ వైపువి అన్నది వేరువేరుగా ఉంచాడా అన్నది ఒకటి. పళ్లకు రంగు రాసి తిప్పి, ముద్ర పన్ను మధ్యలో పడుతోందో లేదో చూశాడా అన్నది రెండోది. కొసలో ముద్ర పడితే గేరు ఆ కొసనే విరుగుతుంది. ఒక గేరు పోతే జత మార్చాలి. అరిగిన క్రౌనుకు కొత్త పినియను కలిపితే ఖర్చు మిగలదు, ఆ సీజనులోనే రెండూ పోతాయి.

చైను ఉన్న సైడు బాక్సయితే చైను ఎంత సాగిందో, బిగింపు పట్టీ ఎంత అరిగిందో చూడాలి. మూత పెట్టేటప్పుడు పాత ప్యాకింగును గీకేసి కొత్తది వేయాలి.

షియర్ బోల్టు, క్లచ్చి

పీటీవో షాఫ్టులో గానీ, గేరుబాక్సు ముందు గానీ షియర్ బోల్టు ఉంటుంది. రాయి తగిలినప్పుడు తాను తెగి గేర్లను కాపాడటమే దాని పని. నాలుగుసార్లు తెగిందని విసుగుపడి, గట్టి బోల్టో, ఇనుప కడ్డీ ముక్కో వేసేవారున్నారు. అప్పుడు బోల్టు తెగదు, పినియను పన్ను తెగుతుంది. కంపెనీ చెప్పిన గ్రేడు బోల్టులు అరడజను ట్రాక్టరు టూలు పెట్టెలో ఉంచుకోండి. బోల్టుకు బదులు స్లిప్ క్లచ్చి ఉన్న మోడళ్లలో, ఖాళీగా ఉన్న నెలల్లో ప్లేట్లు తుప్పుతో అతుక్కుపోతాయి. సీజనుకు ముందు స్ప్రింగు నట్లను ఎన్ని చుట్లు వదులు చేశామో లెక్కపెట్టుకుంటూ వదిలి, క్లచ్చిని కాసేపు జారనిచ్చి, మళ్లీ అంతే బిగించాలి.

పీటీవో షాఫ్టు రెండు కొసల క్రాసులకు పని రోజుల్లో రోజూ గ్రీజు పెట్టాలి. షాఫ్టును విప్పి మళ్లీ కలిపేటప్పుడు లోపలి రెండు యోకులు ఒకే వరసలో ఉండాలి. ఒక పన్ను తేడాగా కలిపితే ఊగిసలాట పుట్టి, ఆ కంపనమంతా పినియను బేరింగుకు చేరుతుంది. గట్టు దగ్గర యంత్రాన్ని పైకెత్తేటప్పుడు పీటీవో ఆపండి. వంపు ఎక్కువైనప్పుడు తిరిగితే క్రాసులు విరుగుతాయి.

బ్లేళ్లు, వెల్డింగు

బ్లేళ్లు కుడి, ఎడమ అని రెండు రకాలు. మెలికగా ఒక క్రమంలో బిగించి ఉంటాయి, నేలను ఒక్కొక్కటిగా తాకడానికే ఆ ఏర్పాటు. క్రమం తప్పితే రెండు మూడు ఒకేసారి నేలను కొట్టి బాక్సు అదురుతుంది. మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి విప్పేయకుండా, ఒకటి విప్పి ఒకటి బిగించుకుంటూ పోతే తికమక ఉండదు. ఒక పక్క అరిగిన బ్లేళ్లు, ఎదురు పక్క కొత్తవి ఉంటే బరువు తేడా వచ్చి, ఆ భారం బేరింగు మోస్తుంది. నట్లు కొత్తవే వేయండి, అవి చవకే.

బ్లేళ్ల పట్టీ విరిగి వెల్డింగు చేయించినప్పుడు ఒక్క సంగతి తప్పక చూడాలి. ఎర్తు క్లిప్పును వెల్డరు చేతికందిన చోట, గేరుబాక్సుకో, ఫ్రేముకో తగిలిస్తాడు. అప్పుడు కరెంటు బేరింగు గుండ్ల మీదుగా పోతుంది. గుండ్ల మీద కంటికి కనపడని మచ్చలు పడి, పదిరోజుల్లో బేరింగు మోగడం మొదలవుతుంది. ఎర్తు క్లిప్పును వెల్డింగు చేసే పట్టీ పక్కనే, బ్లేళ్ల షాఫ్టు మీదే పెట్టమని నిలబడి చెప్పండి. వెల్డరు నొచ్చుకున్నా ఫరవాలేదు.

యంత్రాల మరమ్మతు పద్ధతిగా నేర్చుకోవాలనుకునే యువ రైతులకు, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ఊళ్లో పది రోటవేటర్లుంటే ఒక్క కుర్రాడు నేర్చుకున్నా అందరికీ పనికొస్తాడు.

బిగించాక

అన్నీ బిగించాక యంత్రాన్ని నేలకు ఆనకుండా లేపి, అందరినీ దూరంగా నిలబెట్టి, పీటీవోను తక్కువ వేగంతో పదిహేను నిమిషాలు తిప్పండి. ఇంజను ఆపి, తిరుగుడు పూర్తిగా నిలిచాక, గేరుబాక్సునూ, రెండు కొసల బేరింగు గూళ్లనూ చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉండాలి. చెయ్యి ఆనించలేనంత వేడి ఒకే చోట ఉంటే అక్కడ బిగువు ఎక్కువైంది. రాత్రికి యంత్రం కింద అట్టముక్క పరిచి ఉంచండి. పొద్దున్న ఆయిలు చుక్క ఎక్కడ పడిందో అదే చోటు మళ్లీ చూడాలి. చేలోకి దిగిన మొదటి గంట తర్వాత ఆపి, బ్లేళ్ల నట్లు, సైడు బాక్సు బోల్టులు ఇంకోసారి పానా వేసి బిగించండి. కొత్తగా బిగించినవి మొదటి అదురుకు కొంత వదులవుతాయి.